కరిగేలోపే కాసులు

కర్... కర్... కర్...

చేతి మిషను చక్రం తిప్పితే వచ్చే ఆ చప్పుడు చెవిన పడితే చాలు, పిల్లల కాళ్లు అక్కడే ఆగిపోతాయి. అమ్మ చెయ్యి పట్టుకుని బండి వైపు లాగడం మొదలెడతారు. మిషను కింద గ్లాసు పెట్టి, అందులోకి రాలిన తెల్లని తురుమును అరచేత్తో అదిమి, మధ్యలో పుల్ల గుచ్చి, బోర్లించి తీసి, పైన ఎర్రగానో పచ్చగానో సిరప్‌ ధార పోస్తే... ఐస్‌ గోలా తయార్‌! నిమిషం పని. ఇరవై రూపాయలు. చూసేవాళ్లకి ఇంత తేలికైన వ్యాపారం లోకంలో ఇంకోటి లేదేమో అనిపిస్తుంది.

నాకూ అలాగే అనిపించింది. అనిపించి ఊరుకోలేదు, రాసేశాను కూడా!

2022 మార్చిలో ఇదే శీర్షికలో వేసవి వ్యాపారాల గురించి రాశాను. చెరకు రసం, మజ్జిగ, పుచ్చకాయ ముక్కలు, ఐస్‌ గోలా... ఒక్కోదానికీ పెట్టుబడి ఎంత, రోజుకు ఎంత మిగలొచ్చు అని లెక్కలిచ్చాను. గోలా మిషను ధర రాశాను. సిరప్‌ ఎసెన్సులు ఏ కొట్లో దొరుకుతాయో రాశాను. పుల్లలు కట్ట ఎంతో కూడా రాశాను. ఒక్కటి మాత్రం రాయలేదు. ఐసు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి? ఆ మాటే తట్టలేదు. ఐసు ఎక్కడైనా దొరుకుతుందిలే అనుకున్నాను.

ఆ వ్యాసం చదివి ఎంతమంది బండి పెట్టారో నాకు తెలియదు. ఒకడు పెట్టాడని మాత్రం తెలుసు. వాడు మా బాబాయి కొడుకు.

డిగ్రీ అయింది. కాకినాడలో ఓ షోరూంలో చేసేవాడు. కరోనాలో ఆ ఉద్యోగం పోయింది. రెండేళ్లు అక్కడా ఇక్కడా తిరిగాడు. నా వ్యాసం కత్తిరించి జేబులో పెట్టుకుని మరీ ఫోన్‌ చేశాడు. ‘అక్కా, నువ్వు రాసింది చేసేద్దామనుకుంటున్నా. ఏమంటావ్‌?’ అన్నాడు. రాసినదాన్ని కదా, ఏమంటాను? ‘చెయ్యరా’ అన్నాను.

పేరు వెయ్యొద్దన్నాడు. పెళ్లి సంబంధాలు చూస్తున్నారట! అందుకే ఇక్కడ వాడు ‘మా తమ్ముడు’గానే ఉంటాడు.

పాతిక వేలతో మొదలు

పెట్టుబడికి మా పిన్ని డ్వాక్రా గ్రూపులో పదిహేను వేలు తీసుకుంది. వాడి దగ్గర పది వేలున్నాయి. మొత్తం పాతిక. పాత తోపుడు బండి, దానికి చక్రాలూ పైకప్పూ రిపేర్లతో కలిపి రూ.8,500. చేతి మిషను రూ.6,000. ఐసు పెట్టె రూ.3,500. గొడుగు, సీసాలు, గ్లాసులు, పుల్లలు అన్నీ కలిపి రూ.3,000. పంచదార, ఎసెన్సులకు రూ.2,500. మిగిలిన పదిహేను వందలు చిల్లర కోసం గల్లాపెట్టెలో. ఈ అంకెలన్నీ వాడి నోటు పుస్తకంలోవి. ఆ పుస్తకం అట్ట మీద పసుపు, కుంకుమ బొట్లు కూడా ఉన్నాయి. అవి పిన్ని పెట్టింది.

బోట్‌క్లబ్‌ దగ్గర సాయంత్రాలు జనం బాగా తిరుగుతారు. అక్కడ నిలబెట్టాడు. మొదటి రోజు 22 గోలాలు. వారం తిరిగేసరికి యాభై. ఏప్రిల్‌ చివరికి ఆదివారాలు వంద దాటేది. ఫోన్‌ చేసినప్పుడల్లా వాడి గొంతులో హుషారు. నాకేమో లోలోపల గర్వం. మన రాతతో ఒకడు స్థిరపడుతున్నాడు కదా అని.

ఐసు ఎక్కడి నుంచి తెస్తున్నావని అప్పుడూ అడగలేదు.

కాకినాడలో ఐసుకి కొదవా? చేపల రేవు ఉన్న ఊరు. తెల్లారేసరికి పడవల్లోకి ఐసు ఎక్కాలి, దిగిన చేపా రొయ్యా ఐసులో పడాలి. ఆ పని కోసమే ఐసు ఫ్యాక్టరీలు ఉన్నాయి. తమ్ముడు రోజూ పొద్దున్నే వెళ్లి, దిమ్మ పగలగొట్టించుకుని పాతిక కిలోలు గోనె పట్టాలో చుట్టి తెచ్చుకునేవాడు. కిలోకి మూడు రూపాయలు కూడా పడేది కాదు. వాడొక్కడేనా? ఆ చుట్టుపక్కల తిరిగే బళ్లలో చాలావాటికి అక్కడి నుంచే ఐసు అని వాడే చెప్పాడు.

2022 మే 8, ఆదివారం. బోట్‌క్లబ్‌ దగ్గర బండి చుట్టూ జనం. ఒకావిడ ఇద్దరు పిల్లల్తో వచ్చింది. రెండు కాలా ఖట్టా చెప్పి, డబ్బులు తీస్తూ మామూలుగా అడిగింది... ‘ఈ ఐసు ఏ నీళ్లతో చేస్తారు బాబూ?’

‘మంచినీళ్లేనండి’ అన్నాడు వాడు.

ఆవిడ నమ్మింది. పిల్లలు గోలాలు చప్పరిస్తూ వెళ్లిపోయారు. వాడికి మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు పొద్దున ఎప్పట్లాగే ఐసుకి వెళ్లాడు. రోజూ చూసేవే... నేల మీద కొక్కేలతో ఈడ్చుకొస్తున్న దిమ్మలు, ఆ నేల మీదే నడుస్తున్న చెప్పులు, పక్కనే ఖాళీ చేపల ట్రేలు. అన్నాళ్లూ చూశాడు గానీ ఆరోజే కనపడ్డాయట. ఆ తప్పు ఫ్యాక్టరీది కాదు. వాళ్లు చేపల కోసం చేస్తున్నారు, చేపలకే అమ్ముతున్నారు. పిల్లల నోట్లో పెడుతున్నది మనం.

అక్కడి నుంచే నాకు ఫోన్‌. ‘అక్కా, గడ్డకడితే నీళ్లలో క్రిములు చచ్చిపోతాయి కదా?’

చావవు... నిద్రపోతాయంతే!

నాకు తెలియదు. తెలిసిన డాక్టర్‌గారిని అడిగాను. ఆయన నవ్వి, ‘ల్యాబుల్లో బ్యాక్టీరియాని నెలల తరబడి దాచేది ఫ్రీజర్లోనేనమ్మా’ అన్నారు. కొన్ని చస్తాయి, చాలావరకు చావవు. చల్లదనానికి నిద్రపోతాయి. నోట్లో ఐసు కరిగాక మేలుకుంటాయి. టైఫాయిడ్‌, నీళ్ల విరేచనాలు, పచ్చకామెర్లు... కలుషితమైన నీటితో వచ్చేవన్నీ ఆ నీటితో చేసిన ఐసుతోనూ రావొచ్చు. మరిగించిన టీలో ఆ భయం తక్కువ. ఐసులో మంట అనేదే లేదు కదా!

ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. దిమ్మ బయటి నుంచి లోపలికి గడ్డకడుతుంది. గడ్డకట్టే నీరు తనలోని ఉప్పునీ, మురికినీ, గాలినీ లోపలికి నెట్టేస్తుంది. అవన్నీ చివరికి మధ్యలో చేరతాయి. పెద్ద దిమ్మని ఎండలో పెట్టి చూడండి. అంచులు అద్దంలా ఉంటాయి, నడిమధ్య తెల్లగా మబ్బు పట్టినట్టుంటుంది. ఆ తెలుపులో ఎక్కువ భాగం గాలి బుడగలే. నీళ్లు మంచివైతే పర్వాలేదు. కాకపోతే ఆ నీళ్లలోని చెత్త ఎక్కువగా చేరేదీ అక్కడే.

మహారాష్ట్రలో దీనికో ఉపాయం చేశారు. తినడానికి కాని ఐసుకి నీలం రంగు కలపాలని 2018 జూన్‌ 1 నుంచి అక్కడి ఆహార, ఔషధ శాఖ నిబంధన పెట్టింది. నీలంగా ఉంటే చేపలకి, తెల్లగా ఉంటే మనుషులకి. చదువురాని వాళ్లకి కూడా అర్థమయ్యే బోర్డు అది. నేను మన రేవుల్లో చూసిన దిమ్మలు మాత్రం తెల్లగానే ఉన్నాయి. తెల్లటి దిమ్మని చూసి ఇది ఏ నీళ్లదో చెప్పడం అమ్మేవాడి తరం కూడా కాదు.

‘మరి ఏం చెయ్యమంటావ్‌ అక్కా?’ అన్నాడు తమ్ముడు. సీజను నడిమధ్యలో ఉంది. డ్వాక్రా కంతు వారంలో కట్టాలి. నా దగ్గర జవాబు లేదు. ‘నువ్వే రాశావ్‌ కదా’ అని వాడు అనలేదు. అననందుకే ఎక్కువ గుచ్చుకుంది.

జవాబు ఆకాశం ఇచ్చింది. ఆ వారమే అసాని తుపాను. మే 10, 11 తేదీల్లో కాకినాడలో గాలీ వానా. ఉప్పాడ రోడ్డు మీదకి అలలు ఎగిసిపడ్డాయి. గోలా అడిగే నాథుడు లేడు. పెట్టెలో ఉన్న ఐసు పెట్టెలోనే నీరైపోయింది. ‘దేవుడే బండి ఆపించాడే అమ్మాయ్‌’ అంది పిన్ని ఫోన్లో. ఆవిడ ఏడుస్తోందో నవ్వుతోందో నాకు అర్థం కాలేదు.

ఎనిమిది ఫ్రిజ్‌లు

తుపాను వెలిశాక వాడు ముందు ప్యాకెట్లలో అమ్మే ఐసు క్యూబులు కొని చూశాడు. కిలో పది రూపాయలు దాటింది. సరే, లాభం తగ్గితే తగ్గిందనుకున్నా మిషను ఒప్పుకోలేదు. గోలా మిషనులో పైనుంచి ముళ్ల పళ్లెం దిగి ఐసు గడ్డని పట్టుకుని తిప్పుతుంది, కింద బ్లేడు గీస్తుంది. దానికి పిడికెడు క్యూబులు పోస్తే ఏం పట్టుకుంటుంది? గలగలా దొర్లుతాయి. గడ్డ కావాలి. గుండ్రంగా, గట్టిగా, ఒక్క ముక్కగా.

అప్పుడు పిన్నికి వచ్చింది ఆలోచన. మంచినీళ్ల క్యాన్‌ తెప్పించి, వెడల్పాటి స్టీలు డబ్బాల్లో నీళ్లు పోసి ఫ్రిజ్‌లో పెట్టింది. ఇంటి ఫ్రిజ్‌లో పై అరలో రెండే పట్టాయి. రెండు డబ్బాలకి పది గోలాలు! దాంతో వీధి మీద పడింది. ఎదురింటి వాళ్ల ఫ్రిజ్‌లో రెండు, పక్కింటి టీచరుగారి ఫ్రిజ్‌లో రెండు... అలా ఎనిమిది ఇళ్లు. సాయంత్రం నాలుగింటికి తమ్ముడు సంచీ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి గడ్డలు వసూలు చేసుకునేవాడు. అద్దె? ఆ ఇంట్లో ఎంతమంది పిల్లలుంటే అన్ని గోలాలు. మే నెలాఖరు దాకా అలాగే నెట్టుకొచ్చాడు. రోజుకి డెబ్భై మించి అమ్మలేకపోయాడు. ఐసు అయిపోయేది, జనం నిలబడి ఉండేవారు.

ఆ వేసవి లెక్క తేలేసరికి పెట్టుబడి పాతిక వేలు వెనక్కి వచ్చాయి. పైన మిగిలింది రూ.3,200. రెండున్నర నెలలు ఎండలో నిలబడినందుకు అంతే. మానేస్తాడనుకున్నాను. నిజం చెప్పాలంటే మానేస్తే నా మనసుకి కాస్త తేలికగా ఉండేది.

మానలేదు. 2023లో వీధి వ్యాపారులకిచ్చే పీఎం స్వనిధి కింద పది వేల రుణం తీసుకున్నాడు. దానికి ఇంకో నాలుగు వేలు కలిపి పాత డీప్‌ ఫ్రీజరు కొన్నాడు. బండికి ఆహార భద్రత రిజిస్ట్రేషను చేయించాడు. ఆ నంబరు బండి మీద పెయింటుతో రాయించి, దాని కింద తన సొంత కవిత్వం ఒకటి: ‘మా ఐసు మా ఇంటి నీళ్లతో’. ‘మా ఇంటి నీళ్లు’ అంటే కుళాయి నీళ్లనుకుంటారురా, ‘మంచినీళ్లతో’ అని మార్చు అని నేనే చెప్పాను. ఎడిటింగ్‌ జబ్బు ఎక్కడికి పోతుంది!

స్వనిధి ప్రస్తావన వచ్చింది కాబట్టి... ఆ పథకం 2020 జూన్‌లో మొదలైంది. 2025 ఆగస్టులో దాన్ని 2030 మార్చి వరకు పొడిగించి, మొదటి విడత రుణాన్ని పది నుంచి పదిహేను వేలకు, రెండో విడతను ఇరవై నుంచి పాతిక వేలకు పెంచారు. మూడో విడత యాభై వేలే. సకాలంలో కడితే ఏడు శాతం వడ్డీ రాయితీ. దీనికి వీధి వ్యాపారిగా గుర్తింపు కార్డో, ధ్రువపత్రమో, సిఫారసు లేఖో ఉండాలి. 2014 వీధి వ్యాపారుల చట్టం ఇచ్చిన హక్కు అది. బండి పెట్టాలనుకునేవాళ్లు మిషను కొనే ముందు ఈ పని మీద ఓసారి తిరిగి రావడం మంచిది. ‘బండి తియ్‌’ అని ఎవరైనా గద్దించినప్పుడు ఆ కార్డు విలువ తెలుస్తుంది. తమ్ముడికి తెలిసింది.

ఐసుకి చెమట పట్టాలి

ఫ్రీజరు వచ్చాక కష్టాలు తీరాయనుకున్నాం. మొదటి రోజే మిషను మొరాయించింది. తురుము రావాల్సింది పోయి రవ్వ రాలింది. గ్లాసులో అదిమితే ముద్ద కట్టదు, పుల్ల నిలవదు. బ్లేడు మార్చినా అంతే.

కిటుకు చెప్పింది ఓ రాజస్థానీ కుల్ఫీ బండాయన. ఏటా వేసవికి వచ్చి వెళ్తుంటాడు. గడ్డని చేత్తో తాకి చూసి, ‘దీనికింకా చెమట పట్టలేదు’ అన్నాడట. ఫ్రీజరులో ఐసు సున్నాకి పద్దెనిమిది డిగ్రీల దిగువన ఉంటుంది. అంత చల్లగా ఉన్నప్పుడు అది గాజులా పెళుసు. బ్లేడు తగిలితే పగులుతుందే కానీ పొరలా లేవదు. బయట పెట్టి పావుగంట, ఇరవై నిమిషాలు ఆగితే పైన తడి మెరుస్తుంది. అప్పుడు గీస్తే పత్తిలా వస్తుంది. జపాన్‌లో తురిమిన ఐసుని కాకిగోరి అంటారు. అక్కడి దుకాణాల్లోనూ గడ్డని ముందే బయటపెట్టి మెత్తబరుస్తారు. తురిమిన ఐసు మీద తీపి పోసుకు తినడం వాళ్లకి కొత్తేం కాదు. వెయ్యేళ్ల నాడు సేయ్‌ షోనాగన్‌ అనే రాణివాసపు రచయిత్రి తన పుస్తకంలో రాసుకుంది. మనం చప్పరిస్తున్నది అంత పాత సంగతి.

పావుగంట ఆగాలి. కానీ ఎక్కువ ఆగితే? అది నీళ్లపాలు. ఈ వ్యాపారంలో సరుకు నిమిష నిమిషానికీ తగ్గిపోతూ ఉంటుంది. కూరగాయలైతే సాయంత్రానికి వాడతాయి, ధర తగ్గించి అమ్ముకోవచ్చు. ఐసు అలా కాదు. ఉంటే ఉంది, లేకపోతే లేదు. తమ్ముడు 30 కిలోలు తీసుకెళ్తే గోలాల్లోకి వెళ్లేది 20 కిలోలు. మిగతాది కరిగిందీ, మిషనులో చివర మిగిలిన తునకలూ.

దీనికి పాతకాలపు మందే మందు. గోనె, ఊక, రంపపు పొట్టు. 1833లో బోస్టన్‌ నుంచి టస్కనీ అనే ఓడలో 180 టన్నుల ఐసు కలకత్తాకి బయల్దేరింది. చెరువుల్లో కోసిన గడ్డలు. నాలుగు నెలల ప్రయాణం, రెండుసార్లు భూమధ్యరేఖ దాటాలి. అయినా దించేసరికి వంద టన్నుల దాకా మిగిలింది! రంపపు పొట్టు మహిమ. మద్రాసుకి వచ్చే అమెరికా ఐసుని దాచడానికి 1842లో కట్టిందే మెరీనా ఒడ్డున ఉన్న ఐస్‌హౌస్‌. వివేకానందుడు 1897లో బస చేసిన భవనం కూడా అదే. ఇప్పుడు ఆయన పేరుతోనే ఉంది. ఈ కథ చెబితే తమ్ముడు విని, ‘నాలుగు నెలలకి సగమే పోయిందా! నాకు నాలుగ్గంటలకే మూడో వంతు పోతోందక్కా’ అన్నాడు. పెట్టె అడుగున ఊక సంచులు పరిచి, పైన తడి లేని గోనె కప్పడం అప్పట్నుంచే. ఊక ఐసుకి తగలకూడదు కాబట్టి సంచుల మూతులు కుట్టించాడు. మూత తెరిచే సార్లు కూడా తగ్గించాడు. ఒక గడ్డ తీశాక దాన్ని పూర్తిగా గీసేదాకా పెట్టె ముట్టుకోడు.

పాకం పిన్నిది

సిరప్‌ గురించి చెప్పకపోతే మా పిన్ని ఊరుకోదు. బజారులో రెడీమేడ్‌ సీసాలు దొరుకుతాయి. పిన్ని మొదటి ఏడాదే వాటిని పక్కన పెట్టేసింది. పంచదార పాకం వేలికి జిగురు తగలాలి, తీగ సాగకూడదు. తీగ వస్తే ఐసు మీద పడగానే గట్టిపడి ముద్దలవుతుంది. పల్చనైతే ఐసులోంచి జారి గ్లాసు అడుగుకి పోతుంది, పైన తెల్ల ఐసు చప్పగా మిగులుతుంది. పైగా చల్లటి నాలుకకి తీపి తక్కువ తెలుస్తుంది. షర్బత్‌లో సరిపోయిన తీపి గోలాలో సరిపోదు. అందుకే పాకం చిక్కగా ఉండాలి, అది మొహం మొత్తకుండా నిమ్మ ఉప్పు చిటికెడు పడాలి.

2023 శ్రీరామనవమి మార్చి 30న వచ్చింది. పిన్ని అనకాపల్లి బెల్లం కరిగించి వడగట్టి, మిరియాలు, ఏలకులు, శొంఠి వేసి చిక్కటి పాకం పట్టింది. పానకం గోలా! తమ్ముడు ‘ఎవరు తింటారే’ అన్నాడు. రెండు సీసాలు చీకటి పడక ముందే ఖాళీ. కొన్నవాళ్లలో సగం మంది తాతలూ మామ్మలేనట. అప్పటిదాకా వాళ్లు బండి పక్కన నిలబడి మనవళ్లకి కొనిపెట్టి తాము తినకుండా వెళ్లినవాళ్లే. ఇప్పుడు పానకం ఏడాది పొడుగునా... అంటే గోలా ఉన్నన్నాళ్లూ ఉంటుంది. పచ్చిమామిడి, నేరేడు, సుగంధి కూడా వచ్చి చేరాయి. సుగంధి అంటే రాయలసీమలో నన్నారి అంటారే, అది.

రంగుల దగ్గర మాత్రం దెబ్బ తిన్నాడు. మన దేశంలో ఆహారంలో వాడటానికి అనుమతి ఉన్న కృత్రిమ రంగులు ఎనిమిదే. అవి కూడా కిలోకి వంద మిల్లీగ్రాములు మించకూడదు. అంటే పది కిలోల సిరప్‌కి ఒక్క గ్రాము! చిటికెలతో కొలిచే పని కాదు. 2024 ఫిబ్రవరిలో బట్టలకి వేసే రోడమిన్‌-బి రంగు దొరికిందని తమిళనాడు పీచుమిఠాయిని నిషేధించింది. టీవీల్లో ఆ వార్త రోజంతా తిరిగింది. ఆ వేసవి బోట్‌క్లబ్‌ దగ్గర గులాబీ రంగు సీసా వంక చూస్తే చాలు, తల్లులు పిల్లల్ని వెనక్కి లాగారు. పిన్ని ఎసెన్సు రంగు మానేసి బీట్‌రూట్‌ రసం వేసింది. తల్లులు మెచ్చుకున్నారు. పిల్లలు మాత్రం ‘ఇది వెలిసిపోయింది అంకుల్‌’ అన్నారు. కొనిపించేది పిల్లలు కదా! గులాబీ అమ్మకం సగానికి పడిపోయింది. ఇప్పటికీ పూర్తిగా లేవలేదు.

ఇంకో చిన్న సంగతి. గోలా సగం చప్పరించాక పిల్లలు మళ్లీ వచ్చి ‘ఇంకొంచెం పొయ్యవా’ అంటారు. పొయ్యాలి, అది ఈ వ్యాపారంలో మర్యాద. కానీ చాలామంది సీసా మూతిని గోలాకి ఆనించి పోస్తారు. ఒకరి ఎంగిలి సీసాకి, సీసా నుంచి పదిమందికి. తమ్ముడు జానెడు ఎత్తు నుంచి సన్నటి ధారగా పోస్తాడు. మీరు కొనేటప్పుడు ఈ ఒక్కటీ గమనించండి. ఆ బండి గురించి సగం తెలిసిపోతుంది.

ఇంతకీ ఎంత మిగులుతుంది?

ఉత్తరాల్లోనూ, వాట్సాప్‌లోనూ మీరు మొదట అడిగేది ఇదే కాబట్టి 2024 వేసవి నోటు పుస్తకం తెరుస్తున్నాను. ఆ ఏడాది బండి తిరిగింది 82 రోజులు. సగటున రోజుకి 90 గోలాలు, రూ.1,800. ఖర్చు... నీళ్ల క్యాన్లు 40, ఫ్రీజరు కరెంటు 40, పంచదార 150, పళ్లూ బెల్లం ఎసెన్సులూ 150, పుల్లలూ గ్లాసులూ 90, టీ, ఇతర చిల్లర 60, బ్లేడు సాన 20. మొత్తం రూ.550. చేతిలో రూ.1,250. 82 రోజులకి రూ.1,02,500. అందులో ఫ్రీజరు కంప్రెసర్‌కీ బండి రిపేర్లకీ ఏడున్నర వేలు పోతే రూ.95,000.

బాగానే ఉందే అనిపిస్తుంది. కానీ ఆ డబ్బు వెనక నాలుగు నెలల పని ఉంది. ఫిబ్రవరి నుంచే ఫ్రీజరు, పాకాల పని మొదలు. అలా చూస్తే నెలకి రూ.24 వేలు కూడా కాదు. వాడు పొద్దున తొమ్మిదికి డబ్బాలు కడగడంతో మొదలెట్టి రాత్రి పదింటికి బండి కడిగి పడుకుంటాడు. పిన్ని పొయ్యి దగ్గర గడిపిన మధ్యాహ్నాలకి ఈ లెక్కలో ఒక్క రూపాయి కూడా వెయ్యలేదు. ఆవిడ కూలి కూడా కడితే లాభం ఎంత అని అడిగాను. ‘అది లెక్కలోకి వస్తే నేను రోడ్డు మీదకే వస్తానక్కా’ అన్నాడు.

చేపల ఐసుతో పోలిస్తే మంచినీళ్ల ఐసుకి ఖర్చేం ఎక్కువ కాలేదన్నది చాలామంది గమనించని విషయం. పాతిక కిలోల చేపల ఐసు డెబ్భై రూపాయలయ్యేది. ఇప్పుడు నీళ్లూ కరెంటూ కలిపి ఎనభై. తేడా అంతా ఆ పద్నాలుగు వేల ఫ్రీజరులో ఉంది. అది లేనివాడు పొద్దున్నే రేవుకి వెళ్తాడు. చెడ్డవాడై కాదు, పద్నాలుగు వేలు లేక. 2022లో నా వ్యాసం చదివినవాళ్లకి ఆ పద్నాలుగు వేల సంగతి నేను చెప్పి ఉండాల్సింది. పాతిక వేలతో పెట్టొచ్చని రాశాను. నలభై అని దిద్దుకోండి.

వాన సంగతి మన చేతిలో లేదు. 2025లో నైరుతి రుతుపవనాలు మే 24కే కేరళను తాకాయి. రోళ్లు పగలాల్సిన రోహిణి కార్తెలో కాకినాడలో గొడుగులు తెరిచారు. ఫ్రీజరులో అరవై కిలోల గడ్డలున్నాయి. కరెంటు తినడం తప్ప వాటికి పనిలేదు. మూడు రోజులు చూసి స్విచ్‌ ఆపేశాడు. ఆ సాయంత్రం నుంచి అదే బండి మీద పొయ్యి పెట్టి మిరపకాయ బజ్జీ మొదలెట్టాడు. వానొస్తే గోలా పోతుంది గానీ బజ్జీ వస్తుంది. ఎనిమిది నెలలు ఇంటిని నడిపేది అదే. మిగులు గోలా అంత కాదు, కానీ రోజూ వస్తుంది.

ఈ వ్యాసం పంపే ముందు అంకెలు సరిచూసుకుందామని ఫోన్‌ చేశాను. వెనక కర్‌ కర్‌మని చప్పుడు. ‘బోట్‌క్లబ్‌ ఆవిడ, ఐసు గురించి అడిగిందే, మళ్లీ ఎప్పుడైనా వచ్చిందా?’ అన్నాను.

‘వచ్చిందక్కా, 2023లో. పిల్లలు పెద్దోళ్లయ్యారు. ఈసారి ఏం అడగలేదు. బండి మీద రాసింది చదువుకుంది. నేనే చెప్పేశాను, అప్పుడు నేను చెప్పింది అబద్ధమండి, ఇప్పుడు రాసింది నిజం అని.’

‘ఏమంది?’

‘ఏం అనలేదు. కాసేపు నా మొహంలోకే చూసి, పిల్లలిద్దరికీ పానకం చెప్పింది. తను మాత్రం తినలేదు. ఉంటానక్కా, గడ్డకి చెమట పట్టేసింది.’